వడోద్‌లో వణికే గోడ

మొన్న సాయంత్రం మా లిఫ్టులో ఒక కుర్ర డాక్టరు నన్ను పట్టుకున్నాడు. గుంటూరు వైపు అబ్బాయి. భార్య కూడా డాక్టరే. ఆల్థాన్‌లో మా బిల్డింగులోనే మూడో అంతస్తులో అద్దెకుంటున్నారు. "అంకుల్, ఇక్కడే ఫ్లాట్ కొనుక్కుందామనుకుంటున్నామండి. ఒకటి ఉండడానికి, కుదిరితే ఇంకోటి అద్దెకివ్వడానికి. మీరు పాతకాపులు కదా, ఏ ఏరియా అయితే మంచిదంటారు?" అన్నాడు. తెలియదు బాబూ అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ పాతకాపు అన్నాడు కదా, నాకు ఒళ్లు పొంగింది. మూడో అంతస్తు రాగానే తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి, నా కుడి అరచెయ్యి ఆయన ముఖం ముందు చాపాను. "డాక్టర్ సాబ్, ఈ చెయ్యి చూడండి. ఈ చెయ్యి గోడ మీద పెట్టి నేను చెప్తే సూరత్‌లో నలభై ఇండ్లు బేరమైనయి. ఒక్కటి కూడా తప్పు పోలేదు" అన్నాను. ఆయన నా చేతికేదో చర్మవ్యాధి ఉన్నట్టు శ్రద్ధగా వంగి చూశాడు.

మా ఆమె పక్కనే ఉంది, చేతిలో కొత్తిమీర కట్టతో. ఇంట్లోకి వచ్చాక "నలభయ్యా?" అని ఒక్క మాట అడిగి వంటింట్లోకి పోయింది. ఆ ఒక్క మాట పుణ్యమే ఈ కాగితాలు. సరే, నలభై కాదు. నాలుగు. నాలుగింటిలో మూడింటి దగ్గర నేను ఊరికే నిలబడి ఉన్నాను, టీ ఇస్తే తాగాను, బేరం వాళ్లే చేసుకున్నారు. మిగిలిన ఒక్కటీ నేను కొనొద్దని చెబితే కొన్నది. కొన్నవాడు మా సడ్డకుడు. ఇది వాడి కథ. అంటే నా కడుపుమంట కథ.

చెయ్యి సంగతి మాత్రం అబద్ధం కాదు. పద్దెనిమిదేళ్లకు సూరత్ వచ్చి సాంచా మీద పనికి కుదిరాను. మరమగ్గాన్ని ఇక్కడా సాంచా అంటారు, మా సిరిసిల్లలోనూ సాంచా అంటారు. రైలు దిగిన రోజున నాకు తెలిసిన గుజరాతీ మాట అదొక్కటే. షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారి కొడుతుంటే పక్కవాడు తిట్టే తిట్టు కూడా వినపడదు. ఆ రకంగా నేను చాలామందితో స్నేహంగా ఉండిపోయాను. చెవులు పనికిరావు కనుక అక్కడ మేం చేతులతో వింటాం. సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనిస్తే ఏ బోల్టు వదులైందో, అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎక్కడ తడబడుతోందో తెలిసిపోతుంది. అదే చెయ్యి గోడ మీద పెడితే గోడ అవతలి సంగతి తెలుస్తుంది. నాలుగు సాంచాలు నడుస్తుంటే గోడలో చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. పది పన్నెండు నడిస్తే గిన్నెలో పెసలు ఉడుకుతున్నట్టు. అంతకంటే ఎక్కువైతే చలిజ్వరం వచ్చినవాడి వీపు మీద చెయ్యి వేసినట్టు. లోకంలో ఇల్లు కొనేవాళ్లంతా గోడ కదలకూడదనుకుంటారు. సూరత్ సాంచాల పేట వడోద్‌లో అద్దెగదులు కొనేవాడికి మాత్రం వణికే గోడ కావాలి. గోడ వణికితే సాంచాలు నడుస్తున్నట్టు. సాంచాలు నడిస్తే పనివాళ్లు ఉన్నట్టు. పనివాళ్లుంటే గదులు నిండినట్టు. ఈ విద్య నా ఒక్కడికే వచ్చని డాక్టరుతో చెప్పాను గానీ, ఇరవై ముప్పై ఏళ్లు సాంచా నడిపిన ఎవడికైనా వస్తుంది. మా సడ్డకుడికి మాత్రం రాదు. వాడికి రానిదీ నాకు వచ్చినదీ ప్రపంచంలో ఇదొక్కటే.

సడ్డకుడంటే మా మరదలి మొగుడు. డాక్టరు వాళ్ల వైపు తోడల్లుడంటారు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. పాండేసరలో రంగుల మిల్లులో కలర్ మాస్టరు. వాడి గోళ్లు సోమవారం నీలంగా ఉంటే శుక్రవారానికి ఎర్రగా ఉండేవి. ఇక్కడే పుట్టి గుజరాతీ బడిలో చదివాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. నేను తెలుగులో పదో తరగతి పాసైనవాణ్ణి. అయినా మా మామ ఉన్నన్నాళ్లూ ఉత్తరం రాయాలంటే నన్ను పిలిచేవాడు, సలహా కావాలంటే వాణ్ణి పిలిచేవాడు. వాడి బండి ఒక్క కిక్కుకు స్టార్టవుతుంది, నాది ఏడు తంతే గానీ దగ్గదు. యాభై దాటినా వాడి జుట్టు కాకి రెక్కలా ఉంటే, మిల్లులోంచి రంగు తెచ్చి పూసుకుంటున్నాడని నేనే ఒక పుకారు పుట్టించాను. ఎవరూ నమ్మలేదు. ఆఖరికి సర్వపిండి. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్క తల్లి దగ్గరే నేర్చుకున్నారు. వాళ్లింట్లో సర్వపిండి కరకరలాడుతుంది, మా ఇంట్లో దాన్ని కొరికే నా పళ్లు కరకరలాడతాయి.

పోనీ వాడు చెడ్డవాడైనా నాకు సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. వాడు "అన్నా, అన్నా" అంటూ నా వెనకే తిరుగుతాడు. మంచివాడి మీద కుళ్లుకోవడం చాలా కష్టమైన పని. తోడు వచ్చేవాళ్లుండరు. ముప్పై ఏళ్లుగా ఆ బరువు నేనొక్కణ్ణే మోస్తున్నాను.

లాక్‌డౌన్ వచ్చిన మొదటి ఎండాకాలం సాంచాలు ఆగిపోయాయి. వడోద్‌లో మేముండే అద్దె ఇంటి కిటికీలోంచి పావురాల రెక్కల చప్పుడు వినిపించింది. నా చెవులకే వినిపించిందంటే ఊరు ఎంత నిశ్శబ్దమైందో ఊహించుకోండి. ఒడిశావాళ్లు, బీహారువాళ్లు, మన జగిత్యాల, సిరిసిల్లవాళ్లు, అంతా సంచులు నెత్తిన పెట్టుకుని ఇళ్లదారి పట్టారు. నాకు సొంత సాంచాలు పన్నెండు ఉండేవని చెప్పుకుంటుంటాను. ఉన్నవి ఆరు. అవీ వేరే ఆసామి షెడ్డులో ఒక మూలన. ఆ ఆసామి షెడ్డు మూసేస్తానంటే నా ఆరింటినీ పాత ఇనుము కింద అమ్మేశాను. తుక్కు బండి మీద అవి పడుకుని పోతుంటే చూడలేక లోపలికి వచ్చి పడుకున్నాను. ఆ వచ్చినదీ, మా ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించి ఇన్నేళ్లు దాచినదీ కలిపితే ఒక్క కొనుగోలుకు సరిపోతుంది. ఒక్కదానికే. మాకు పిల్లలు లేరు. ఆ సొమ్మే మా ముసలితనం. తప్పు చోట పెడితే మళ్లీ సంపాదించే వయసూ లేదు, సాంచా లేదు.

రెండు దారులు కనిపించాయి. ఒకటి ఆల్థాన్‌లో లిఫ్టున్న ఫ్లాటు. కొనేవాళ్లు లేక బిల్డరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఉండడానికి దర్జాగా ఉంటుంది గానీ అది మాకు కూడు పెట్టదు. రెండోది వడోద్‌లోనే కొన్ని గదులు కొని, ఒకదాంట్లో మేముండి మిగతావి పనివాళ్లకు అద్దెకివ్వడం. దర్జా ఉండదు గానీ నెల నెలా పొయ్యి వెలుగుతుంది. మా ఆమె మోకాళ్లు ఆల్థాన్ అన్నాయి, ఆమె బుద్ధి వడోద్ అంది. "సాంచాలు మళ్ల నడుస్తయంటె గదులు తీసుకుందాం. నడువయంటె ఫ్లాట్ తీసుకుందాం. గోడ చూసి చెప్పు, నువ్వు ఏది చెప్తె గదే" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె నా మాట మీద ఇంత భారం వెయ్యడం అదే మొదటిసారి.

నేను ఏ గోడ చూడాలా అని ఆలోచిస్తుండగా, వానాకాలం మొదట్లో ఒకరోజు మా సడ్డకుడు వచ్చాడు. "అన్నా, ఒక గుజరాతీ ముసలి కాకా పది గదులు అమ్ముతున్నడు. బరోడాల బిడ్డ దగ్గరికి పోతడట, జల్దిల ఉన్నడు. నేను తీసుకుందామనుకుంటున్న. నాకు గోడ చూసుడు తెల్వది. జర నువ్వొచ్చి చెయ్యి పెట్టి చెప్పు" అన్నాడు. పది గదుల వరస, తక్కువకు, మా వీధికి మూడు వీధుల అవతల! అది నా కంట పడకుండా వాడి కంట ఎలా పడిందని నాకు అక్కడే మొదలైంది. అయినా చెప్పులేసుకున్నాను.

మేం వెళ్లేసరికి వాన దంచుతోంది. వెనక వీధిలో సాంచాల షెడ్డు షట్టరు దించి ఉండడం పోతూ పోతూ చూశాం. కాకా వసారాలో ఒక చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మమ్మల్ని ఆమడ దూరంలో ఆపి, తాళాలగుత్తి నేల మీద జార్చి, వెంటనే చేతులకు శానిటైజరు పూసుకున్నాడు. కింద ఐదు గదులు, పైన ఐదు, మధ్యలో ఇనుప మెట్లు, వసారా మీద రేకులు. కింది వరస వెనక గోడ ఆ షెడ్డు గోడను ఆనుకుని ఉంది. నడిమి గది తాళం తీశాం. కొక్కేనికి ఎవరిదో చొక్కా వేలాడుతోంది. గోడకు జగన్నాథుడి క్యాలెండరు, ఇంకా మార్చి నెల దగ్గరే ఉంది. మూలన ఆరు చాపలు చుట్టి ఉన్నాయి. ఆరు చాపలంటే పన్నెండు మంది ఉండే గది. పగటి డ్యూటీ వాడు లేచిన చాప మీదే రాత్రి డ్యూటీ నుంచి వచ్చినవాడు నడుం వాలుస్తాడు. వడోద్‌లో చాప ఎప్పుడూ చల్లబడదు. ఆ రోజు ముట్టుకుంటే చల్లగా తగిలింది.

రేకుల మీద వాన చప్పుడుకు మేమిద్దరం అరుచుకుంటున్నా ఒకరి మాట ఒకరికి సగమే అందుతోంది. మాస్కుల్లోంచి మరీ. నేను చేతి తడి పంచెకు తుడుచుకుని, వెనక గోడకు అరచెయ్యి ఆనించాను. మొదట ఏమీ లేదు. తడిసిన సున్నం వాసన, చల్లదనం. తియ్యబోతుంటే వేలి మొదట్లో ఏదో కదిలింది. చీమ. ఇంకో చీమ. వాన కాదది. వానకు లెక్క ఉండదు, సాంచాకు ఉంటుంది. ఒకటి, రెండు... నాలుగు. షట్టరు వెనక ఎవరో మళ్లీ మొదలుపెట్టారు! మూడు నెలల తర్వాత నా చేతిలోకి ఊరు తిరిగి వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నిజం. ఆ వెంటనే నా బుర్రలో ఇంకోటి తిరిగింది. అదీ నిజం. ఈ గోడ వీడిదైపోతుంది.

"ఏమంటుందన్నా?" అని అరిచాడు వాడు.

"సచ్చిపోయింది తమ్మీ. కట్టె లెక్కుంది. ఇంకో రెండేండ్ల దాంక ఈ దిక్కు సాంచా నడువది. వదిలిపెట్టు" అని అరిచాను.

"ఒక్కటి గూడ నడుస్తలేదా?"

"ఒక్కటి గూడ."

వాడు మాస్కు సర్దుకుని నా వైపు చూశాడు. తర్వాత "సరే అన్నా" అని, తాళం వేసి, గుత్తి కాకా కుర్చీ కింద పెట్టి, నన్ను బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దించాడు. వాన నా మీద పడకుండా తన రెయిన్‌కోటు కూడా నాకే ఇచ్చాడు. ఆ కోటులో కూర్చునే నేను రేపు పొద్దున కాకా దగ్గరికి ఎలా పోవాలో, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించుకున్నాను. రాసుకుంటుంటే సిగ్గేస్తోంది. అప్పుడు వెయ్యలేదు.

నా తెలివిలో ఒక చిల్లు ఉందని ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు. నేను తల తుడుచుకునేలోపే మా మరదలు ఫోన్ చేసి అక్కకు అంతా చెప్పేసింది. మా ఆమె ఎదురొచ్చి, "గోడ సచ్చిపోయిందట గద. చూసినవ్, మంచిగైంది. ఇగ మనం గూడ వడోద్ ఆశ ఇడిసిపెడ్దాం" అంది. ఆ గదులు కొనాలంటే గోడ బతికి ఉందని మా ఆమెకు చెప్పాలి. ఆమెకు చెబితే తినే అన్నం పక్కన పెట్టి చెల్లెలికి చెబుతుంది. చెల్లెలు మొగుడికి చెబుతుంది. అబద్ధం వాడికి చెప్పాను, ఇరుక్కున్నది నేను.

అయినా మర్నాడు మెల్లగా కదిపి చూశాను. "గోడలు ఒక్కోసారి మళ్ల లేస్తయి తెలుసా" అన్నాను.

"అదేమన్న మూర్ఛ వచ్చి పడ్డదా లేవనీకి?" అంది, చీర మీంచి తల ఎత్తకుండా.

"నేను జర సరిగ చూడలేదేమో, వానల..."

"నలభై ఏండ్ల సంది చెయ్యి పెట్టి చూస్తున్న అంటవ్, వానకే తప్పిపోతదా నీ చెయ్యి?"

నా గొప్పలే నాకు అడ్డంగా పడుకున్నాయి. మూడు రోజులు ఆ ఇంట్లో నేను తిరగని మూల లేదు. ఎవరైనా కొనేస్తారేమోనని రోజుకు రెండుసార్లు ఆ వరస ముందు నుంచి నడిచి, కాకా కుర్చీ ఇంకా అక్కడే ఉందా లేదా అని చూసుకుని వచ్చేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున మా సడ్డకుడు ఘారీ డబ్బా పట్టుకుని వచ్చాడు. నెయ్యి పేరుకున్న ఆ సూరత్ మిఠాయి చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. వాడు శుభవార్త లేకుండా ఘారీ తేడు.

"కాకాకు బయానా ఇచ్చి వచ్చినన్నా" అన్నాడు.

"నేను వద్దంటి గద!" అన్నాను. అరిచానేమో, మా ఆమె వంటింట్లోంచి వచ్చింది.

"అవునన్నా, నువ్వయితే వద్దన్నవ్. మరి ఎందుకో తీసుకోబుద్ధయింది" అని నవ్వి, ఘారీ తుంచి నా నోట్లో పెట్టాడు. నా జన్మలో అంత చేదు ఘారీ తినలేదు. రెండు తిన్నాను.

ఆ కోపంలోనే ఆల్థాన్ ఫ్లాటు తీసుకున్నాను. ఏడో అంతస్తు. చిన్నల్లుడు కింద ఉంటే పెద్దల్లుడు పైన ఉండాలని. గృహప్రవేశం రోజు అందరూ బాల్కనీలోంచి ఊరు చూస్తుంటే నేను పడకగది గోడకు చెయ్యి ఆనించి చూశాను. ఏమీ లేదు. రాయి. మా ఆమె మోకాళ్లు మాత్రం సుఖపడ్డాయి, అది ఒప్పుకోవాలి. నేను మామూలుగా మాట్లాడుతుంటే ఏం గొడవ జరుగుతోందని వాచ్‌మన్ రెండుసార్లు పైకి వచ్చి చూశాడు. దీపావళి నాటికి వడోద్‌కు జనం తిరిగి వచ్చారు. మా సడ్డకుడి గదులు తొమ్మిదీ నిండాయి. పదోదాంట్లో వాళ్లే ఉన్నారు. కొత్తగా వచ్చేవాళ్లు మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారని మా మరదలు ఫోన్‌లో చెబుతుంటే మా ఆమె స్పీకరు పెట్టేది. అది కావాలని పెట్టేదో, కాదో ఇప్పటికీ అడగలేదు. నేను మాత్రం చేద్దామనుకున్న విశ్రాంతి మానేసి, ఈ వయసులో ఒక చీరల గోదాములో మడతలు లెక్కపెట్టే పనికి కుదిరాను. ఫ్లాటు కూడు పెట్టదని ముందే చెప్పాను కదా.

మరుసటి ఎండాకాలం రెండోసారి జబ్బు విరుచుకుపడింది. అప్పటి సంగతి అందరికీ తెలిసిందే, మళ్లీ రాయను. మా ఇద్దరికీ జ్వరం. మా అంతస్తుకు అడ్డంగా ఎర్ర పట్టీ కట్టారు. ఇరుగుపొరుగులు మంచివాళ్లే గానీ తలుపు తియ్యడానికి భయం. అప్పుడు వడోద్ నుంచి పూటకొకడు సైకిల్ మీద వచ్చేవాడు. అంతా మా సడ్డకుడి గదుల్లో ఉండే ఒడిశా సాంచావాళ్లు. డ్యూటీ దిగినవాడు మధ్యాహ్నం, డ్యూటీ ఎక్కబోయేవాడు సాయంత్రం. గేటు దగ్గర డబ్బా ఇస్తే, వాచ్‌మన్ దాన్ని లిఫ్టులో పెట్టి ఏడు నొక్కి తాను బయటికి వచ్చేసేవాడు. తలుపు తెరుచుకుంటే లిఫ్టులో టిఫిన్ డబ్బా ఒక్కటే నిలబడి ఉండేది, ఇంటికి వచ్చిన చుట్టంలా. పదహారు రోజులు, ఒక్క పూట తప్పలేదు. ఆ డబ్బా మూత తీసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయని రాయాలని ఉంది. చెమర్చింది మా ఆమెకు. నాకు వచ్చిన మొదటి ఆలోచన, వీడికి ఇంతమంది మనుషులున్నారే అని. నూట రెండు జ్వరంలో కూడా కుళ్లు దాని పని అది చేసుకుపోతుంది.

అప్పుడు అర్థమైంది నేను దేనికి కుళ్లుకుంటున్నానో. ఆ అద్దెలకు కాదు. అద్దెలకు కూడా, కానీ అద్దెలకే కాదు. ఆ గోడకు. ఆ గోడ ఉంటే ఇంట్లో ఇద్దరమే ఉన్నామన్న సంగతి గుర్తుకు రాదు. అందుకే ఇప్పటికీ ఆదివారం ఆదివారం వడోద్ వెళతాను. క్షవరానికని చెబుతాను. వారం వారం కత్తిరించేంత జుట్టు నాకు లేదని మంగలికీ తెలుసు, మా ఆమెకూ తెలుసు. సడ్డకుడి ఇంటికి వెళ్లి, టీ వచ్చేలోపు కిందికి దిగి, నడిమి గది వెనక గోడకు చెయ్యి ఆనించి నిలబడతాను. పెసలు ఉడుకుతుంటాయి. చాప మీద పడుకున్న కుర్రాళ్లు ఒక కన్ను తెరిచి, వచ్చింది నేనేనని చూసి మళ్లీ మూసుకుంటారు.

నలభై ఏళ్లు సాంచా మీద ఎటు పోయాయో చెప్పమంటే చెప్పలేను. ఆ నాలుగు వాన రోజులు మాత్రం ఇంకా నాకు గడవలేదు.

ఇంతవరకూ రాసి, ఈ ఆదివారం కాగితాలు జేబులో పెట్టుకుని వడోద్ వెళ్లాను. వాడు చదవలేడు కనుక నేనే చదివి వినిపించాను. అబద్ధం చెప్పిన చోట నా గొంతు తగ్గింది, ఎదురుగా వాడి ముఖంలోకి చూడలేదు. చివర ఇంకొక్క వాక్యం రాసుకుని ఉన్నాను: "నేను కొనొద్దన్నా కొన్నాడంటే అది కేవలం వాడి అదృష్టం." అది చదివి కాగితాలు మడిచాను. మా సడ్డకుడు టీ సాసరు కింద పెట్టాడు.

"అదృష్టం గాదు, ఏం గాదన్నా. ఆ దినం నేను గోడను చూడనే లేదు, నిన్ను చూసిన. మూతికి మాస్కు కట్టినవ్ గని కండ్లకు కట్టలేదు గద. గోడ మీద చెయ్యి పెట్టంగనే నీ కండ్ల రంగు మారింది. షేడ్ జర మారినా పట్టుకునుడే నా పని. ఒక్కటి గూడ నడుస్తలేదా అని మళ్ల అడిగింది గందుకే, నువ్వు నిజం చెప్తవేమోనని. నాలుగు దినాలు ఆగింది గూడ గందుకే. ఇది నాకు కావాలె తమ్మీ అని ఒక్క మాటంటె, నీకే ఇడిసిపెడ్తుంటి. అదృష్టం అని రాసినకాడ కొట్టేసి, గిది రాయి."